శంఖుపూల పెద్దనాయిన

పోయిన నెల ఒక సోమవారం. పొద్దున షిఫ్టుకు ఎక్కి రెండు గంటలు కూడ కాలే. మా ల్యాబ్‌లకు ఫోన్లు తీసుకపోనియ్యరు, బయట లాకర్ల పెట్టి పోవాలె. చాయ్ టైముకు వచ్చి చూస్తె వదినవి ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నయి. తిరిగి చేస్తె వదిన ఏడ్వలే. మెల్లగ, ఒక్కొక్క మాట పెట్టి చెప్పింది.

"మామ పోయిండు. పొద్దుగాల నీళ్లు పోసొచ్చి అరుగు మీద కూసున్నడు. నేను చాయ్ పట్టుకొచ్చే వరకు లేడు."

ఎవరింట్ల నీళ్లు పోసొచ్చిండో నేను అడగలే. నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. ఎందుకు పోసిండో మాత్రం నాకొక్కదానికే తెలుసు. అది చెప్పాలనే ఇది రాస్తున్న.

ఆయన మా నాయినకు అన్న, నాకు పెద్దనాయిన. నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు మా నాయిన పోయిండు. అప్పటి సంది నా బడి, నా కాలేజి, నా బస్ పాసు, నా జరాలు అన్నీ ఆయనే చూసుకున్నడు. సైకిల్ వెనుక కూసోబెట్టుకొని పటాన్‌చెరు దాక తొక్కెటోడు. ఎక్కు, దిగు అనెటోడు గని, ఎందుకు చదువుతున్నవ్, ఏం చదువుతున్నవ్ అని ఎన్నడు అడగలే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అన్నప్పుడు మాత్రం ఒక్కసారి అడిగిండు. "అండ్ల ఏం జేస్తరు బిడ్డా?" "ఏ దాంట్ల ఏం కలిసి ఉన్నదో చెప్తం పెద్దనాయినా," అన్న. "మంచి పని," అన్నడు. "కల్తీ పట్టుకునేటోళ్లు ఉండాలె."

పటాన్‌చెరు దాటి సంగారెడ్డి దిక్కు పోతుంటె రోడ్డుకు లోపట మందుల కంపెనీలు వరుసగ ఉంటయి. అండ్ల ఒకదాని వెనుక గోడకు ఎదురుంగ మా ఊరు మొదలైతది. ఆ కంపెనీ లేసిన జాగ ఒకప్పుడు మా తాత చెల్క. జొన్న, కంది పండేది. భూమి పోయినంక ఇంటికొక నౌకరి అన్నరు. చదువు లేదు కాబట్టి పెద్దనాయినకు తోట పని దొరికింది. "నా చెల్కల్నే నాకు జీతం ఇస్తున్నరు, గింతకంటె ఏం గావాలె?" అని నవ్వెటోడు. ఆ నవ్వుల ఎంత నవ్వున్నదో చిన్నప్పుడు నాకు తెల్వలే.

కంపెనీ ముందట గడ్డి, గులాబీలు పెట్టమన్నరు. పెట్టిండు. మూడు నెలలకు చచ్చినయి. మళ్ల పెట్టిండు, మళ్ల చచ్చినయి. తవ్వకాలల్ల పైమట్టి అంత పోయి అడుగు మొరం పైకొచ్చింది, దాంట్ల ఏ వేరు దిగుతలేదు. వెనుక దిక్కు ఇనుప జాలి మరీ బోడిగ ఉన్నదని, ఏమన్న తీగె పాకియ్యమని మేనేజరు గట్టిగ పట్టుకున్నడు. అప్పుడు పెద్దనాయిన పెద్దమ్మ వాళ్ల తల్లిగారింటి నుంచి శంఖుపూల గింజలు తెప్పిచ్చిండు. వాళ్లది వెలిమెల. ఇప్పుడు అక్కడ తల ఎత్తితె అపార్టుమెంట్లే కనపడతయి గని, అప్పుడు ఊరు బయట కంచెలన్నీ ఆ తీగెలే. పెద్దమ్మ కొంగున మూట కట్టుకొచ్చిన గింజలు అవి. పిడికెడు కూడ లేవు.

మీల శంఖుపువ్వు చూడనోళ్లు ఎవరూ ఉండరు. చిక్కుడు, బొబ్బర జాతిదే. సన్న తీగె, చిన్న చిన్న గుండ్రటి ఆకులు, సన్న చిక్కుడుకాయ తీరు బల్లపరుపు కాయ. పువ్వు మాత్రం నీలం అంటె నీలం, నడుమ తెల్లటి చుక్క. ఒక్కసారి పాతుకుంటె ఏండ్లకేండ్లు ఉంటది. చూస్తె ఒడ్డు పొడుగు లేని తీగె గని మొండిది. ఎండకాలం నిప్పుల కాలినట్టు ఎండుతది. పెద్దనాయిన జానెడు మొదలు ఇడ్సిపెట్టి మొత్తం కోసేసెటోడు. మేనేజరు వచ్చి, "ఏందయ్యా, ఇది కూడ చంపినవా?" అంటె, "ఆకు జూసి చెప్పకుండ్రి సార్, వాన పడ్డంక జూసి చెప్పుండ్రి," అనెటోడు. మృగశిర వానలకు రెండు వారాలల్ల జాలి సగం ఎక్కేది. పూలు పూయంగ కంపెనీ వెనుక దిక్కు అనేటిదే ముందటి దిక్కు అయ్యింది. వచ్చిన పెద్దసార్లు ఆడ ఫొటోలు దిగేది. బీహారు నుంచి వచ్చిన కాంట్రాక్టు పోరగాళ్లు, "చాచా, యే తో అపరాజిత హై, హమారే గావ్ మే భీ హోతీ హై," అని శంఖుపువ్వును వాళ్ల దిక్కు పేరుతోని పిలిచి, ఆగి ముట్టి పోయేది. వాళ్లు ఊరికి పోతుంటె పెద్దనాయిన కాయితంల చుట్టి నాలుగు గింజలు ఇచ్చెటోడు. వాళ్ల ఊర్ల ఉన్న పువ్వుకు మళ్ల ఇక్కడి గింజ ఎందుకని అడిగితె, "తల్లికి చూపెట్టుకుంటడు గద," అన్నడు.

ఆయన అంగి జేబుల ఎప్పుడూ పాత చీర పేలికలు ఉండేటివి. దారం కడితె తీగెను కోస్తదని పేలికతోనే కట్టెటోడు, అది కూడ వదులుగ. "తొవ్వ సూపియ్యాలె గని గుంజొద్దు," అనెటోడు. గింజల మీద పొట్టు గట్టిది, ఊకె నాటితె మొల్వది. అందుకని ఒక్కొక్క గింజను అరుగు బండ మీద గీకి, ఒక రాత్రి నానబెట్టెటోడు. మా ఇంటి ముందట కూడ దర్వాజ మీదికి పాకిచ్చిండు. సోమవారం వచ్చిందంటె శివుని పూజకని వాడకట్టు ఆడోళ్లంత మా ఇంటికే. పెద్దమ్మ ఎవరిని వట్టి చేతుల పంపకపోయేది. అందరికంటె ముందు వచ్చేది మా ఎదురింటి అత్త. వాళ్లకు రెండు బర్రెలు, ఇంటెనుక రెండు గుంటల పాలకూర, మెంతికూర మళ్లు. ఆమె మొగడు లేడు. బర్రెలు, మళ్లే ఆమె బతుకు. పెద్దమ్మకూ ఆమెకూ పొద్దున లేసిన సంది ముచ్చట్లే.

నా చదువు అయినంక పెద్దనాయిన నన్ను అదే కంపెనీకి తోలుకపోయిండు. మేనేజరు ముందట నిలబడి, చెప్పులు బయట ఇడ్సి, "మా తమ్ముని బిడ్డ. మీకు పనికొస్తదో లేదో మీరే చూడుండ్రి," అన్నడు. పరీక్ష పెట్టిన్రు, తీసుకున్నరు. ఏడాది ట్రైనీ, ఆ తర్వాత పర్మనెంటు. నేను తెల్ల కోటు ఏసుకొని ల్యాబ్ అద్దాల వెనుక నిలబడితె, ఆయన తీగె కాడ పని చేసుకుంట ఒకసారి ఇటు చూసెటోడు. చెయ్యి ఊపకపోయేది. నాకు ఇజ్జత్ పోతదేమో అనుకునెటోడు. నేను కూడ ఊపలే. నేను చేసిన తప్పులల్ల అది ఒకటి.

ఇగ అసలు ముచ్చట.

నేను ట్రైనీగ ఉన్న ఏడాది మా వదిన, పెద్దనాయిన కోడలు, ఫోన్‌ల ఏదో చూసి, శంఖుపూల చాయ్ ఆరోగ్యానికి మంచిదని పట్టుకున్నది. పూలను చాటల ఆరబెట్టి, మరిగిన నీళ్లల్ల ఏస్తె నీలం రంగు దిగుతది. పెద్దనాయినకు ఆ రుచి నచ్చలే గని, కోడలు ఇస్తే తాగెటోడు. రోజూ ఇంటి నల్లా నీళ్లతోని చేసేది. ఒక దినం నల్లా రాలే. కంపెనీ వెనుక గోడకు ఆనుకొని ఊరి బోరు ఒకటి ఉండె. ఆ నీళ్లు బర్రెలకు, కూర మళ్లకు వాడేది. నల్లా రాని రోజు తాగేటోళ్లు కూడ ఉండె. వదిన ఆ నీళ్లు కాగబెట్టి పూలు ఏసింది.

"మామా, జూడుండ్రి, ఇయ్యాల చాయ్ వంకాయ రంగైంది," అని నవ్వింది.

అందరం నవ్వినం. పెద్దనాయిన నవ్వలే. గ్లాసు వెలుతురుకు పట్టి చాలసేపు చూసిండు. తెల్లారి నల్లా వచ్చినంక రెండు గాజు గ్లాసులు కడిగి అరుగు మీద పెట్టిండు. ఒక దాంట్ల నల్లా నీళ్లు, ఇంకో దాంట్ల బోరు నీళ్లు. లెక్క తప్పకుండ అయిదయిదు పూలు. ఒకటి నీలం, ఒకటి వంకాయ రంగు. మళ్ల చేసిండు. మళ్ల అదే. తర్వాత నల్లా నీళ్ల గ్లాసుల నిమ్మకాయ పిండిండు, ఒక్కొక్క చుక్క. నీలం మెల్లగ మారి, పక్క గ్లాసు రంగుకొచ్చి ఆగింది. ఆయన నిమ్మచెక్క పక్కకు పెట్టి, "పెద్దమ్మా, ఇటు రా," అని మా పెద్దమ్మను పిలిచిండు. ఆయన ఆమెను నా తీరుగనే పెద్దమ్మ అని పిలిచెటోడు. "బోరు నీళ్లల్ల పులుపు ఉన్నది. మనం పిండలే. ఎవరో పిండిన్రు."

ఎమ్మెస్సీ చదివిన నేను అక్కడనే ఉన్న. ఆయన ఏ బడికి పోకుండ ఆ అరుగు మీద చేసినంత శుభ్రమైన ప్రయోగం నేను మా కాలేజిల చూడలే.

సోమవారం పగలు అన్నం గంటల, ఒక సీసల బోరు నీళ్లు పట్టుకొని, పేపరు చుట్టి, క్యాంటీను వెనుకకు వచ్చిండు. "బిడ్డా, పూవు చెప్పేది పూవు చెప్పింది. నువ్వు నీ మిషన్ల జెర సూడు. మా తీరుగ ఊకె అనుకునుడు కాదు, సక్కగ తెల్వాలె. అత్త వాళ్ల బర్రె సూడితో ఉన్నది. గా నీళ్లే తాగుతున్నది."

తీసుకున్న. లోపలికి పోయి పులుపు కొలిచే పీహెచ్ మీటరు పెట్టి చూసిన. మంచి నీళ్లయితె ఏడు దగ్గర చూపియ్యాలె, పులుపు పెరిగినకొద్ది అంకె తగ్గుతది. ముల్లు అయిదు కూడ తాకలే. మళ్ల కడిగి మళ్ల పెట్టిన. అక్కడనే.

వెనుక నుంచి మా ఇన్‌చార్జి వచ్చి, "ఎక్కడి శాంపిల్?" అన్నడు. చెప్పిన. ఆయన అరువలే. సీస తీసుకొని సింకుల ఒంపి, నల్లా ఇప్పి కడిగి, నాకు వాపస్ ఇచ్చిండు. "బయటి శాంపిల్స్ ఇక్కడ చెయ్యొద్దని నీకు తెలుసు. వచ్చే వారం నీ పర్మనెంట్ కాయితం పైకి పోతది," అన్నడు. అంతే. అబద్ధం చెప్పుమని ఎవరూ నాకు చెప్పలే. అది మొత్తం నా సొంతం.

పొద్దుగూకాల ఆయన జాలి కాడ పేలిక కట్టుకుంట నా కోసం చూస్తున్నడు. పోయిన.

"ఏమన్నది బిడ్డా, మిషన్?"

"మంచిగనే ఉన్నయి పెద్దనాయినా. ఆ పూవు ఊకె రంగులు మారుస్తది. గిన్నె మారినా మారుతది."

ఆయన చేతులు ఆగినయి. "సక్కగ సూసినవా?"

"రెండుసార్లు చూసిన." అది నిజమే కదా. రెండుసార్లు చూసిన.

"అయితె మంచిదే." ఆయన ముఖం ఎంత తేలికైందో నేను ఇప్పటికీ మర్వలే. "నేనే ఊకె పరేషాన్ అయిన."

"నేను చూసిన్నని ఎవరికీ చెప్పకు. బయటి నీళ్లు చూడొద్దు మా కాడ. నౌకరి పోతది."

"నీ పేరెందుకు చెప్తా?" అన్నడు.

చెప్పలే. వాడకట్టుల అప్పటికే వంకాయ రంగు ముచ్చట పాకింది. ఎదురింటి అత్త బర్రెను ఆ బోరు కాడికి తోలక మూడు దినాలైంది. పెద్దనాయిన ఆమె దర్వాజ కాడికి పోయి, "మా కంపెనీల సూపిచ్చిన చెల్లె, నీళ్లు మంచిగున్నయట. ఫికర్ చెయ్యకు," అన్నడు. ఆయన మాట అంటె ఊర్ల తిరుగులేదు. తెల్లారి సంది బర్రె మళ్ల ఆ నీళ్లే తాగింది.

నా పర్మనెంటు కాయితం వచ్చింది. పెద్దనాయిన పటాన్‌చెరు పోయి జిలేబి తెచ్చి వాడంత పంచిండు.

నెలన్నరకు అత్త మళ్లల్ల పాలకూర ఆకుల అంచులు కాలినట్టు అయినయి. ఆ తర్వాత బర్రె కడుపుల దూడ పోయింది. పశువుల డాక్టరు వచ్చి, నీళ్లతోనే అయిందని చెప్పలేం, కాలేదని కూడ చెప్పలేం అన్నడు. ఎవరో సంగారెడ్డి పోయి దరఖాస్తు ఇస్తె, ఆఫీసరు వచ్చి సీసలల్ల నీళ్లు పట్టుకపోయిండు. పదిహేను దినాలకు బోరుకు ఎర్ర రంగు ఏసి, ఈ నీళ్లు వాడొద్దని రాసి, మోటరు ఇప్పుకపోయిన్రు.

ఆ మాపటి పూట అత్త మా ఇంటి ముందటికి వచ్చింది. వెనుక వాడకట్టు అంత ఉన్నది. నేను దర్వాజ వెనుక, లోపల నిలబడ్డ.

"అన్నా, నువ్వు చెప్పినవనే తాపిన నేను," అన్నది. ఆమె గొంతు పెద్దగ లేదు. "కంపెనీల సూపిచ్చిన అంటివి. ఎవరు సూసిండ్రు? పేరు చెప్పు. పోయి అడుగుత."

పెద్దనాయిన ఒక్కసారి, ఒక్క రెప్పపాటు, నా దిక్కు చూసిండు. ఆ ఒక్క చూపుతోనే ఆయనకు అంత తెలిసిపోయింది. నా ముఖంల ఏమున్నదో గని చదువుకున్నడు. మళ్ల ఆమె దిక్కు తిరిగి, "ఎవ్వలు సూడలే చెల్లె. నేనే ఊకె అన్న," అన్నడు.

"ఊకె అన్నవా?"

"ఊకె అన్న. నౌకరి కోసం."

అత్త తిట్టలే, మన్ను పొయ్యలే. "మీ చెల్కల మొలిసిన కంపెనీ గద, దాని దిక్కే ఉంటవ్," అన్నది. తిరిగి పోయింది. అందరూ పోయిన్రు. నేను ఒక్క అడుగు ముందుకు ఏస్తె అయ్యేది. నా మాట ఒక్కటి చాలు. గడప దాటలే.

తెల్లారి పెద్దనాయిన కంపెనీకి పోయి, గేట్ పాసు సెక్యూరిటీ చేతుల పెట్టి, నౌకరి ఇడ్సి వచ్చిండు. ఎందుకని ఆయన కొడుకు, మా అన్న, అడిగితె, "మోకాళ్లు నొస్తున్నయి," అన్నడు. ఆ వారం సంది సోమవారాలు మా దర్వాజ కాడికి ఎవరూ రాలే. నీలం పూలన్ని తీగె మీదనే ముడుసుకపోయి రాలేది. పెద్దమ్మ ఊడిసి ఒక మూలకు పోసేది. ఆమెకు కూడ ఆయన నిజం చెప్పలే. ముప్పై ఏండ్లు ఒక్క కంచంల తిన్నట్టున్న ఎదురింటామె మొఖం తిప్పుకుంటుంటె, పెద్దమ్మ మొగన్ని అనేది. "గంత మంచిగుంటివి, గిట్లెందుకు జేస్తివి?" అని. ఆయన వినుకుంట గింజలు గీకేటోడు.

అప్పటి సంది నీళ్లు మోసుడు మొదలుపెట్టిండు. ఊరి ఆ చివర ట్యాంకు ఉన్నది. పొద్దుగాల సైకిల్‌కు రెండు దిక్కుల రెండు క్యాన్లు కట్టుకొని పోయి, నింపి, నడిపించుకుంట వచ్చి, అత్త వాకిట్ల బర్రెల గోళెం పక్కన దించెటోడు. మొదట్ల అత్త ముట్టలే. పగటి దాక అట్లనే ఉండేటివి క్యాన్లు. మాపటికి ఆయనే తెచ్చుకొని మా చెట్లకు పోసి, పొద్దున మళ్ల పోయెటోడు. నెల దాటినంక ఒక దినం క్యాన్లు వట్టిగ మా అరుగు మీద ఉన్నయి. ఆమె ఒంపుకొని తెచ్చి పెట్టి పోయింది. మాట మాత్రం లేదు. అట్ల రెండేండ్లు. జరం వచ్చినా, వాన కొట్టినా. ఆ మోకాళ్లతోనే. ఆఖరికి ఆయనే గోళెంల పోసి వస్తుంటె ఆమె లోపల తలుపు వెనుక నిలబడేది.

నేను ఆ కంపెనీ ఇడ్సిపెట్టి వేరే దాంట్ల చేరి, కొల్లూరు దిక్కు ఒక అర్ర కిరాయికి తీసుకున్న. దూరమని చెప్పిన గని దూరం కాదు. ఆయన ఆ క్యాన్ల సైకిల్ నడిపించుకుంట వచ్చుడు చూడలేకనే పోయిన. నెలకొకసారి వచ్చెటిదాన్ని. ఒకసారి ధైర్యం చేసిన. ఆయన అరుగు మీద కూసొని తీగె మొదలుకు మట్టి ఎగదోస్తున్నడు. "పెద్దనాయినా, ఆ రోజు నీళ్లు నేను..." అన్న.

"అప్పుడు నువ్వు కొత్తగ చేరినవ్ బిడ్డా," అన్నడు, తల ఎత్తకుండ. "ఇగ గా ముచ్చట ఇడ్సిపెట్టు. అత్త బర్రె మళ్ల సూడి కట్టింది, సూసినవా? ఈసారి మంచిగున్నది."

ఇడ్సిపెట్టిన. ఎంత జల్దీ ఇడ్సిపెట్టిన్నో తలుసుకుంటె ఇప్పుడు మీ ముందట తల ఎత్తబుద్ధి అయితలేదు. ఆయన నాకు తొవ్వ ఇచ్చిండు, నేను ఆ తొవ్వల పారిపోయిన. ఆయనకు నా క్షమాపణ అక్కర లేకుండె. నేను ఎదురింటి దర్వాజ కాడికి పోయి నాలుగు మాటలు చెప్తె, రెండేండ్ల బరువు ఆయన భుజం మీద నుంచి దిగేది. అది అడగలే ఆయన. అడగకపోతె నేను చెయ్యలే.

పోయే పదిహేను దినాల ముందు ఫోన్ చేసిండు. ఆయన నాకు ఫోన్ చేసుడే తక్కువ. "బిడ్డా, నీళ్లల్ల ముంచితె రంగు మారే కాయితాలు ఉంటయట గద? తెచ్చిపెట్టు. ట్యాంకు నీళ్లు కూడ నెలకొకసారి చూస్తున్న నేను, పూలతోని. ఎండకాలం తీగె ఎండుతది. పూలు లేనప్పుడు ఎట్ల చూడాలె?" తెస్తా అన్న. ఆ మరునాడే కొన్న. బ్యాగుల పెట్టుకొని రెండు వారాలు తిరిగిన. ఈ ఆదివారం పోత, వచ్చే ఆదివారం పోత. ఆయన పోయిన సోమవారం, బస్‌ల కూసొని టికెట్ కోసం బ్యాగు తెరిస్తె చేతికి తగిలినయి. ఆ కాయితాలు వదినకిచ్చిన. ఇప్పుడు ఆమె చూస్తున్నది. ట్యాంకు నీళ్లు, ఇంటి నల్లా, కొత్తగ ఏసిన బోరు. వేలిముద్రల లెక్క రంగులన్నీ ఒక నోటుపుస్తకంల అంటించి, కింద తారీకు ఏస్తున్నది. నేను చేయాల్సిన పని అది.

పదో దినం అయిపోయినంక, బంతి భోజనాలు అయినంక, ఎదురింటికి పోయిన. అత్త దినానికి రాలే. సావుకు వచ్చి దూరం నుంచి చూసి పోయిందట. వాకిట్ల బర్రె కాడ పేడ తీస్తున్నది. ఈసారి పుట్టిన దూడ, మంచిగున్న దూడ, తల్లి పక్కన కట్టేసి ఉన్నది.

"అత్తా," అన్న. "ఆ బోరు నీళ్లు చూసింది నేను. పెద్దనాయిన నాకే ఇచ్చిండు. మిషన్ చెడ్డగున్నయని చెప్పింది. మంచిగున్నయని ఆయనకు నేను చెప్పిన. ఆయన నన్ను నమ్మిండు, నువ్వు ఆయనను నమ్మినవ్. నౌకరి నాది, ఆయనది కాదు."

ఆమె చేతిల పార అట్లనే ఉన్నది. తిడుతదనుకున్న. తిడితె బాగుండు అనుకున్న.

"గీ ముచ్చట ఆయన ఉండంగ ఎందుకు చెప్పకపోతివి?" అన్నది.

"చెప్పలే అత్తా."

"రెండేండ్లు... ఆయన నా వాకిట్ల నీళ్లు పోస్తుంటె తలుపు వెనుక నిలబడి సూసిన నేను. ఒక్కనాడు, కూసో అన్నా, చాయ్ తాగిపో, అనలే. మోకాళ్లు పట్టుకొని మెట్టు దిగుతుంటె కూడ అనలే." ఆమె దూడ దిక్కు చూసింది. "దూడ పోయింది, మళ్ల అయింది. పాలకూర పోయింది, మళ్ల ఏసుకున్న. ఆయనతోని అనని ఆ మాట ఎట్ల అనాలె నేను ఇప్పుడు? అది ఎవరిస్తరు నాకు?"

నేను నా నౌకరి కాపాడుకున్న అనుకున్న. కాపాడుకుంది ఏందో, పోగొట్టింది ఎవరెవరిదో ఆ వాకిట్ల నిలబడ్డప్పుడు తెలిసింది. ఆయన మంచితనం గురించి రాయమని మా అన్న అన్నడు. మంచితనమే రాసిన. దాని మీద నేను ఎంత ఆరాంగ కూసున్ననో కూడ రాయకపోతె ఆయన మళ్ల ఒక్కడే మోసినట్టు అయితది.

అత్త పార గోడకు ఆనిచ్చింది. చేతులు, కాళ్లు కడుక్కున్నది. కొంగు భుజం నిండ కప్పుకొని, నన్ను దాటి, తొవ్వ దాటి మా ఇంటి దిక్కు నడిచింది. నేను వెనుక పోయిన గని వాకిట్లనే ఆగిన. లోపల అర్రల పెద్దమ్మ ఒక్కతే సాప మీద కూసొని ఉన్నది. అత్త గడప కాడ ఒక్క క్షణం ఆగింది. పెద్దమ్మ తల ఎత్తి చూసింది. సాప మీద జెర పక్కకు జరిగింది. అత్త పోయి ఆ జరిగిన జాగల కూసున్నది. ఇద్దరూ గోడకు ఒరిగి, ఎదురుంగ తలుపు తెరిచి ఉన్న అత్త ఇంటి దిక్కు చూసుకుంట అట్లనే ఉన్నరు.